శ్రుతి తప్పిన చెవి

నా భార్య భారతి గొంతు పోయిందని మా బంధువుల్లోనూ, ఆమె దగ్గర పాట నేర్చుకున్న పిల్లల ఇళ్ళల్లోనూ ఇప్పటికీ ఒక మాట తిరుగుతోంది. అది నిజం కాదు. ఆమె గొంతుకు ఎన్నడూ ఏమీ కాలేదు. జబ్బు చేసింది నాకు, నా ఎడమ చెవికి. ఆ సంగతి తెలిసేలోపల నేను చేసిన పనుల వల్ల ఆమె పాట ఆగిపోయింది. నోటితో ఎంతమందికి చెప్పినా ఈ విషయం సరిగ్గా చేరడం లేదు. అందుకే రాస్తున్నాను. ఇంకెవరింట్లోనైనా ఇట్లాంటిది మొదలవుతుంటే వాళ్ళకు పనికొస్తుందన్న ఆశ కూడా కొంత ఉంది.

మేముండేది సీతాఫల్‌మండిలో, రెండో అంతస్తులో. నేను బీమా ఆఫీసులో పనిచేస్తాను. మాది తాతల నాటి నుంచి బోయిగూడ. భారతి వాళ్ళు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవాళ్ళు. పెళ్ళయిన కొత్తలోనే ఆమె ముందుగదిలో చాప పరిచి పిల్లలకు సంగీతం చెప్పడం మొదలుపెట్టింది. మా అమ్మాయి సాహితి ఉద్యోగం చేస్తూ మాతోనే ఉంటోంది.

నాకు పాడడం రాదు. కానీ మంచి చెవి ఉందని పేరు. కాలేజీ రోజుల్లో కచేరీలకు వాలంటీరుగా వెళ్ళి, తంబూరాలు శ్రుతి చేసేవాళ్ళ పక్కన కూర్చొని ఆ పని పట్టుకున్నాను. మా ఇంట్లో శ్రుతిపెట్టె సరిచేసేది నేనే. ముందుగదిలో పిల్లలెవరైనా స్వరం దించితే లోపలి నుంచే "దిగుతుంది, దిగుతుంది" అని కేకేసేవాణ్ణి. భారతి కొత్త కీర్తన సాధన చేసి ముగించాక నా వైపు చూసి "ఎలా ఉందండీ?" అనేది. నేను తలూపితే అది బాగున్నట్టు, ఊపకపోతే మళ్ళీ పాడాల్సినట్టు. ఇన్నేళ్ళలో ఆ తీర్పును మా ఇంట్లో ఎవరూ అనుమానించలేదు. నేనూ అనుమానించలేదు. జరిగినదంతా ఆ నమ్మకం మీదే జరిగింది.

వానాకాలం

పోయిన జులైలో నాకు వైరల్ జ్వరం వచ్చింది. జ్వరం తగ్గినా నీరసం పోలేదు. ఆఫీసువాళ్ళు కొన్నాళ్ళు ఇంటి నుంచే పని చేసుకోమన్నారు. పెళ్ళయ్యాక నేను అన్ని రోజులు వరసగా ఇంట్లో ఉండడం అదే మొదటిసారి.

ఆ రోజుల గురించి ఎవరడిగినా బ్రహ్మాండంగా గడిచాయని చెప్పేవాణ్ణి. ఆ మాట మాత్రం అబద్ధం కాదు. బయట వాన, లోపల టీ. పొద్దున కంప్యూటర్ ముందు పని ముగించుకొని మధ్యాహ్నం పుస్తకాల ముందు కూర్చొనేవాణ్ణి. మా అమ్మ వారపత్రికల్లో వచ్చిన సీరియల్ నవలల కాగితాలు చింపి, వారం వారం దొంతర పెట్టి, దారం కట్టి దాచింది. అమ్మ పోయాక అవి అటక మీద ఉండిపోయాయి. వాటిని దించి బైండు చేయడం మొదలుపెట్టాను. మైదాపిండి జిగురు ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలతుత్తం కలిపి, భారతి పాత చీరల అంచులు వీపుకు అతికించి, గ్రైండరు రాయి బరువు పెట్టి ఆరబెట్టేవాణ్ణి. కుడుతూ కుడుతూ మధ్యలో చదివేసేవాణ్ణి. కొన్ని నవలలకు ఆఖరి వారం కాగితం లేదు. ఆ కథ ఎట్లా ముగిసుంటుందో నేనూ భారతీ వాదించుకొనేవాళ్ళం.

ఆమె నా పక్కనే కూర్చొని క్రోషా సూదితో లేసు అల్లేది. టీవీకి లేసు, ఫ్రిజ్జుకి లేసు, నీళ్ళ బిందె మూతకి లేసు. "ఈ ఇంట్లో తొడుగు లేనిది నాన్న ఒక్కరే" అనేది సాహితి. "కొలతలు తీసుకున్నానే, అల్లుతున్నా" అనేది భారతి. సాయంత్రం పిల్లలు వచ్చేదాకా పాత టేపురికార్డరులో కాసెట్లు పెట్టుకొని వినేవాళ్ళం. నాకు జ్వరమొచ్చినందుకు లోలోపల సంతోషించిన మాట నిజం.

ఎడమ చెవి ఎప్పటి నుంచి బరువెక్కిందో సరిగ్గా చెప్పలేను. తలస్నానం చేసినప్పుడు నీళ్ళు పోయి బయటికి రానట్టు ఉండేది. కొన్ని రోజులకు అందులో చప్పుడు మొదలైంది. కుక్కరు కూత పెట్టే ముందు ఆవిరి సన్నగా తన్నుకొస్తుందే, అట్లాంటిది. ఉన్నట్టుండి ఒక రోజు పోయేది, రెండు రోజులకు మళ్ళీ వచ్చేది. జలుబు తాలూకు అనుకున్నాను.

అల్వాల్‌లో ఉండే మా అక్క సుజాతకు ఫోనులో చెబితే, "వెల్లుల్లి కాచిన నూనె జెర గోరువెచ్చగా రెండు చుక్కలు పొయ్యిరా, గంతే" అంది. మా అమ్మ మా చిన్నప్పుడు చేసిన వైద్యమే. భారతి వద్దంది. "డాక్టర్‌కి చూపిద్దామండీ, చెవి కదా" అంది. నేను వినలేదు. నూనె పోసుకొని, దూది పెట్టుకొని, మళ్ళీ పుస్తకాల్లో పడ్డాను. నూనె వల్ల చెవికి ఏమీ మేలు జరగలేదు. ఇది చదివేవాళ్ళు దయచేసి ఆ పని చేయకండి. చెవి బరువు, లోపల చప్పుడు వారం దాటితే డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

దసరా తర్వాత

మొదట తప్పు పట్టింది టేపురికార్డరును. ఒక మధ్యాహ్నం మాకు ఎంతో ఇష్టమైన కాసెట్టు పెడితే పాట సాగినట్టుగా, రెండు గొంతులు పక్కపక్కనే పాడుతున్నట్టుగా వినిపించింది. లోపల రబ్బరు బెల్టు వదులైందనుకొని మార్పించాను. అట్లాగే ఉంది. కాసెట్టు రీలు సాగిందనుకొని ఇంకోటి పెట్టాను. అదీ అంతే. వాలుకుర్చీలో ఎడమవైపు ఒరిగి పడుకొని వింటే మాత్రం బాగుండేది. అప్పుడేమనుకున్నానో చెబితే నవ్వుతారు. టేపు కాసేపు తిరిగి వేడెక్కితే సర్దుకుంటోందనుకున్నాను. ఎడమ చెవి దిండులో మునిగిపోయిందన్న ఆలోచన నాకు రాలేదు.

తర్వాత శ్రుతిపెట్టె. షాపుకు తీసుకెళితే అతను విప్పి, చూసి, "బాగానే ఉంది సార్" అని మళ్ళీ మూసి ఇచ్చాడు. నేను అతనికి పని రాదనుకున్నాను. తర్వాత హార్మోనియం. తేమకు రీడ్లు ఉబ్బాయన్నాను. ఇట్లా ఇంట్లో మోగే ప్రతి వస్తువునూ అనుమానించి, ఒక్కొక్కదాన్నీ వదిలేసి, చివరికి భారతి దగ్గరికి వచ్చాను.

ఆ రోజు ఆమె పెద్ద పిల్లలకు వర్ణం చెబుతోంది. నేను గుమ్మం దగ్గరికి వెళ్ళి, "భారతీ, పంచమం దిగుతుంది" అన్నాను.

ఆమె ఆపి, పిల్లలవైపు చూసింది. "ఎవరిది?"

"నీదే."

ఆమె పా పట్టుకొని నిలిపింది. "ఇప్పుడు?"

"ఇంకా దిగుతుంది."

కొంచెం పైకి లాగింది. పిల్లలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. పైకి లాగిన స్వరమూ నాకు నచ్చలేదు. ఆమె నా మాట విని సరిగ్గా ఉన్న స్వరాన్ని తప్పు చోటికి జరిపిందని ఇప్పుడు తెలుస్తోంది. పిల్లలకు ఆనాడే తెలిసి ఉంటుంది.

సాహితి తన ఫోనులో శ్రుతి చూపించే యాప్ తెరిచి నా ముందు పెట్టింది. "చూడు నాన్నా, అమ్మ పాడుతుంటే ముల్లు కరెక్టుగా మధ్యలో ఉంది."

"ఫోనుకేం తెలుస్తది బేటా? నేను విన్నంత కచేరీలు అది విన్నదా?"

"ఫోన్ అబద్ధం, షాపాయన అబద్ధం, పెట్టె అబద్ధం. ఇంకేం మిగిలింది నాన్నా?"

"సాహితీ, ఊరుకో" అంది భారతి. "నాన్నకి వినపడనిది ఉండదు."

నా మీద ఆమెకు ఉన్న నమ్మకం అది. మరునాటి నుంచి పెరుగు మానేసింది. చల్లనీళ్ళు మానేసింది. మిరియాల కషాయం తాగుతూ, అతిమధురం ముక్క బుగ్గన పెట్టుకొని తిరిగేది. మధ్యాహ్నం క్రోషా అల్లుతూ సన్నగా స్వరం అందుకొని, నా వైపు చూసి, ఆపేసేది. కొన్ని రోజులు నిజంగానే నాకు చక్కగా వినిపించేది. "ఇయ్యాల బాగుంది" అనేవాణ్ణి. ఆమె ముఖం విప్పారేది. రెండు రోజులకు మళ్ళీ దిగేది. వయసు మీద పడుతోంది, గొంతు నిలకడ తప్పుతోంది అని తీర్మానించుకున్నాను. నా చెవి ఒకరోజు బాగుండి ఒకరోజు ఉండడం లేదని కాక, ఆమె గొంతే అట్లా ఉందని.

నన్ను నేను వెనకేసుకు రావడం లేదు. కానీ ఒక మాట చెప్పాలి. కళ్ళు మసకబారితే మసక అని తెలుస్తుంది. చెవి ఇట్లా చెడితే చెడినట్టు తెలియదు. ఎదుటివాళ్ళే తప్పు పాడుతున్నారనిపిస్తుంది.

కార్తీకం

ఇక్కడి నుంచి రాయడం కష్టంగా ఉంది.

మా కుటుంబంలో ఏ శుభకార్యమైనా చివర మంగళహారతి పాడేది భారతి. పెళ్ళిళ్ళకు, వ్రతాలకు, గృహప్రవేశాలకు. పళ్ళెం ఎవరు పట్టుకున్నా పాట ఆమెది. "మామీ రాలేదా, ఆగండి, హారతి ఎవరు పాడుతరు?" అని ముహూర్తాలు కాసేపు ఆపినవాళ్ళున్నారు. మా అక్క కూతురు స్వప్నకు కార్తీకంలో సీమంతం పెట్టుకున్నారు. వారం ముందు నుంచి భారతి కషాయాలు ఎక్కువ చేసింది. ఏ హారతి పాడాలో నాలుగైదు పాడి చూసుకుంటోంది. అన్నీ నాకు వంకరగానే వినిపిస్తున్నాయి. అందరి ముందు ఆమె నవ్వులపాలవుతుందని భయపడ్డాను.

ఆమె మార్కెట్టుకు వెళ్ళినప్పుడు అక్కకు ఫోన్ చేశాను. "అక్కా, భారతి గొంతు ఖరాబైంది. హారతి పాడమని అడగకు. అడిగితే కాదనలేదు, పాడితే తక్లీఫ్. నేను చెప్పిన్నని మాత్రం చెప్పకు."

"అయ్యో, గట్లనా? సరే తియ్, నేను చూసుకుంటా" అంది అక్క.

ఆ రోజు గాజులు తొడగడం, అక్షింతలు వేయడం అన్నీ అయ్యాయి. హారతి వేళకు భారతి లేచి, చీర కొంగు సర్దుకొని, పళ్ళెం పక్కన తన చోటికి వచ్చి నిలబడింది. అక్క ఆమె వైపు చూడకుండా తన ఆడపడుచు కోడలితో, "నువ్వు పాడమ్మా" అంది. ఆ అమ్మాయి తడబడుతూ మొదలుపెట్టింది. ఎవరో ఫోనులో పాట పెట్టారు. ఆ అమ్మాయి దానితో కలిపి ముగించింది. భారతి చప్పట్లు కొట్టబోతున్నట్టు చేతులు దగ్గర పెట్టుకొని అక్కడే నిలబడి ఉంది. నేను మగవాళ్ళ మధ్య గోడకానుకొని చూస్తున్నాను.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో, తిరుమలగిరి దాటాక అడిగింది. "మీ అక్క నన్నెందుకు పిలవలేదు?"

నేను అప్పుడే నిజం చెప్పేయాల్సింది. "ఏమో, హడావుడిలో మర్చిపోయినట్టుంది" అన్నాను.

"నేను పక్కనే నిలబడి ఉన్నానండీ."

నేను రోడ్డు వైపు చూశాను. ఆ తర్వాత ఆమె అక్క ఫోను ఎత్తడం మానేసింది. అక్క రెండు మూడుసార్లు చేసి, తనూ మానేసింది. ఇద్దరి మధ్య ఇరవై ఏళ్ళకు పైగా ఉన్న స్నేహం. ఒక్క మాటతో సరిచేయగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ మాట చెబితే హారతి ఆపించింది నేనని తెలుస్తుంది. అందుకని ఊరుకున్నాను.

ఇంకో వారానికి ఆమె పిల్లల తల్లులందరికీ ఫోన్లు చేసి, గొంతు బాగాలేదు, కొన్నాళ్ళు క్లాసులు ఉండవని చెప్పింది. చాప చుట్టి మంచం కింద పెట్టింది. ఇల్లు నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దం నాకు హాయిగా ఉండిందని కూడా ఇక్కడే రాసేస్తున్నాను. వంకర పాట వినే బాధ తప్పింది. నేను బైండింగు చేసుకున్నాను. ఆమె లేసు అల్లుకుంది. బయటి నుంచి చూస్తే వానాకాలంలో ఉన్నట్టే ఉన్నాం.

చలికాలం

డాక్టరు దగ్గరికి వెళ్దామన్నది భారతే. తన గొంతు చూపించుకోడానికి. "క్యాన్సరేమో అని ఒకటే ఆలోచనండీ" అంది ఒక పొద్దున, పాలు పొంగకుండా చూస్తూ. ఆమె ఎన్ని రోజులుగా ఆ భయంతో ఉందో నాకు తెలియదు. నేను అడగలేదు.

మారేడ్‌పల్లిలో ఒక చెవి ముక్కు గొంతు డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. వెయిటింగు గది కిక్కిరిసి ఉంది. నాకు కుడివైపున ఒక పెద్దావిడ, తన మనవడికి టాన్సిల్స్ అని చెప్పి, భారతిని "నీకేంటమ్మా?" అని అడిగింది. "పాట పోయిందండీ" అంది భారతి. ఆ పెద్దావిడ సంచిలోంచి ఒక బత్తాయి తీసి వొలిచి, సగం ఆమె చేతిలో పెట్టింది. పులుపు గొంతుకు మంచిది కాదని భారతి రెండు నెలలుగా నోట పెట్టలేదు. ఆ పూట తిన్నది.

పేరు పిలిచినప్పుడు నాకు వినపడలేదు. కౌంటరు అమ్మాయి రెండోసారి పిలిచిందట. భారతి నా మోచెయ్యి తట్టి లేపింది.

డాక్టరమ్మ సన్నటి గొట్టం కెమెరాతో గొంతు చూసింది. "స్వరపేటిక చాలా బాగుందమ్మా. పాడేవాళ్ళ గొంతు ఎట్లా ఉండాలో అట్లా ఉంది. ఎవరు చెప్పారు పాడైందని?"

"మావారు. ఆయన చెవి..." అని భారతి నన్ను చూపించింది.

"ఒకసారి పాడండి, విందాం."

భారతి స, ప, పై స పాడింది. "చూసిన్రా మేడం, పంచమం దిగుతుంది" అన్నాను నేను.

"నాకు సంగీతం తెలియదు సర్. నాకు బాగానే ఉంది." కాసేపు నన్నే చూసింది. "మీరు వచ్చినప్పటి నుంచి మెడ అటు తిప్పి, కుడి చెవి నాకు పెట్టి వింటున్నారు. ఎందుకు?"

నాకు ఆ సంగతే తెలియదు. భారతికీ తెలియదు. రోజూ చూసేవాళ్ళకు కనపడదేమో.

ఆమె సొరుగులోంచి రెండు కొమ్ముల ఇనుప కడ్డీ తీసి, మోచేతికి కొట్టి నా కుడి చెవి దగ్గర పెట్టింది. గుండ్రంగా, శుభ్రంగా ఒక స్వరం. ఎడమ చెవి దగ్గర పెట్టింది.

"రెండూ ఒకటేనా?"

"కాదు మేడం. గిది కొంచెం కిందికుంది. గరుకుగా కూడా ఉంది. రెండు వేరే వేరే కదా?"

"ఒకటే కడ్డీ సర్."

మళ్ళీ కొట్టమన్నాను. మళ్ళీ అంతే. మూడోసారి నేనే చేతిలోకి తీసుకొని నా మోచేతికి కొట్టుకున్నాను. కుడి చెవికి ఒక స్వరం, ఎడమ చెవికి ఇంకో స్వరం, చేతిలో ఒకటే ఇనుము. టేపురికార్డరు, శ్రుతిపెట్టె, హార్మోనియం, వర్ణం, హారతి అన్నీ ఒక్కసారిగా మీదపడ్డాయి. నేను భారతి వైపు తిరిగాను. ఆమె నన్ను చూడడం లేదు. తన గొంతు మీద చెయ్యి వేసుకొని ఉంది.

లోపలి చెవిలో నీరు ఎక్కువై వచ్చే జబ్బట. ఒకరోజు బాగుంటుంది, ఒకరోజు ఉండదు. ఉప్పు తగ్గించమంది, మందులు రాసింది, కళ్ళు తిరగొచ్చు జాగ్రత్త అంది. ముందే వచ్చుంటే చెవి ఇంకొంచెం నిలిచేదా అంటే, ఉండొచ్చు, చెప్పలేం అంది. బయటికొచ్చాక భారతి నవ్వుతుందనుకున్నాను, లేదా తిడుతుందనుకున్నాను. "మందులు తీసుకోండి, షాపు మూసేస్తారు" అంది.

సంక్రాంతి దాటాక కళ్ళు తిరగడం వచ్చింది. పొద్దున పళ్ళు తోముకుంటుంటే గోడ పక్కకు జారిపోయింది. నేను పడిపోయానని పడ్డాక తెలిసింది. ఆ తర్వాత కొన్ని వారాలు మంచమే లోకం. కన్ను తెరిస్తే ఫ్యాను తిరగకుండానే గది తిరిగేది. మూస్తే మంచం తిరిగేది. వాంతులు. ఎటువైపు పైనో ఎటువైపు కిందో తెలిసేది కాదు. పరుపు అంచు పట్టుకొని పడుకొనేవాణ్ణి. చదువుదామంటే అక్షరాలు వరసలో నిలబడేవి కావు. సూదిలో దారం ఎక్కించడం గురించి ఆలోచిస్తేనే వాంతి వచ్చేది. భారతి నన్ను పట్టుకొని బాత్రూముకు నడిపించేది, ఉప్పు లేని పప్పు కలిపి నోటికి అందించేది. ఒక్క మాట దెప్పలేదు. అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు కూడా.

సంగతి తెలిసి అక్క అల్వాల్ నుంచి బస్సెక్కి, టిఫినుడబ్బా పట్టుకొని వచ్చింది. వంటింట్లో గిన్నెల చప్పుడు వినిపిస్తోంది, ఇద్దరు ఆడవాళ్ళ మాటలు వినిపించడం లేదు. "నీళ్ళు ఎక్కడున్నాయి?" "అక్కడే." అంతే. ఒకప్పుడు వీళ్ళిద్దరూ కలిస్తే ఇంట్లో మూడోవాళ్ళకు మాట దొరికేది కాదు. కళ్ళు మూసుకొని ఆ నిశ్శబ్దాన్ని విన్నాను. దాన్ని తప్పుగా వినే అవకాశం లేదు.

ఇద్దర్నీ పిలిచాను. లేచి కూర్చోలేను కాబట్టి పడుకొనే చెప్పాను. "భారతీ, హారతి పాడమని అడగొద్దని అక్కకు చెప్పింది నేను. అక్క తప్పేం లేదు."

భారతి మంచం కోడు పట్టుకొని నిలబడింది. అక్క ముందుగా మాట్లాడింది. "అంటే, నువ్వు ఈమెకు చెప్పలేదా? ఇన్ని దినాలు నేనే కావాలని చేసిన్నని అనుకున్నదా?"

"అవునక్కా."

"ఏందిరా శ్రీనూ గిట్ల చేసినవ్? చెవి ఖరాబైంది నీది, పాట బందైంది ఈమెది, మాట పడ్డది నేనా?" అని, భారతి వైపు తిరిగి, "నీకు తక్లీఫ్ అయితదని ఈడు చెప్తే విన్ననే. నిన్ను చూస్తే ఏడుపొస్తదని ఆ దినం నీ దిక్కు చూడలె" అంది.

"నాకు తెలీదు వదినా" అంది భారతి. ఆమె గొంతు వణికింది. అది వణికిందని నేను కచ్చితంగా చెప్పగలను. గుమ్మంలో నిలబడ్డ సాహితి కూడా విన్నది.

అంతా చెప్పేశాను కదా, ఇంక సర్దుకుంటుందని నాకు ఆశ పుట్టింది. తొందరపడ్డాను. "నీ గొంతు బంగారంలా ఉందని డాక్టరే చెప్పింది కదా. పాప పుట్టింది, స్వప్న వాళ్ళింట్లో ఉయ్యాల వేడుక ఉంది. అక్కడ నువ్వే పాడాలె" అన్నాను.

ఆమె అప్పుడు నన్ను సూటిగా చూసింది. "మీరు చెప్తే ఆపాను. ఇప్పుడు మీరు చెప్తే పాడాలా?"

  అక్క ఆమె చెయ్యి పట్టుకొని వంటింట్లోకి తీసుకెళ్ళింది. చాలాసేపటికి అక్కణ్ణుంచి మాటలు వినపడ్డాయి, తర్వాత ఏడుపు, ఆ తర్వాత అక్క నన్ను తిట్టే తిట్లు.

ఇప్పుడు

గది తిరగడం తగ్గింది. ఉప్పు తగ్గించాను, కాఫీ మానేశాను. ఆఫీసుకు వెళుతున్నాను. డాక్టరమ్మ చెప్పినట్టు, ఎడమ చెవి పూర్తిగా రాదు. అప్పుడప్పుడు ఒక మధ్యాహ్నం అంతా బాగున్నట్టు ఉండి, సాయంత్రానికి మళ్ళీ స్వరాలు రెండుగా చీలుతాయి. ఏ రోజు ఏది నిజమో ఇప్పటికీ నాకు తికమకే.

నడవగలిగాక ఒక్కొక్క ఇంటికీ వెళ్ళి చెప్పాను. పిల్లల తల్లులకు, చుట్టాలకు. మేడం గొంతుకు ఏమీ కాలేదు, జబ్బు నాది అని. వాళ్ళు తలూపి, మంచినీళ్ళిచ్చి, నన్ను మెచ్చుకున్నారు. భార్య పరువు కాపాడడానికి జబ్బు తన మీద వేసుకుంటున్నాడని అనుకున్నారు. ఒకావిడ, "అన్నయ్యా, మీలాంటి భర్త అందరికీ దొరకడు" అని కళ్ళు తుడుచుకుంది. చెవి పరీక్ష కాగితం చూపిస్తే, "అయ్యో, మీక్కూడానా?" అన్నారు. అబద్ధం చెప్పినప్పుడు నమ్మినంత తేలిగ్గా నిజం చెప్పినప్పుడు ఎందుకు నమ్మరో నాకు అర్థం కావడం లేదు. అందుకే ఇట్లా రాసి పంపుతున్నాను. నేను మంచి భర్తను కాను. జబ్బు వచ్చినందుకు సిగ్గుపడడం లేదు. జబ్బు ఎవరికైనా వస్తుంది. పాట సరిగ్గా ఉందని అమ్మాయి చెప్పింది, శ్రుతిపెట్టె బాగానే ఉందని షాపతనూ చెప్పాడు. ఒక్కడి తలూపు కోసం అందరి మాటా కాదన్నాను. ఆ ఒక్కడు నేను.

ఉయ్యాల వేడుకకు భారతి, అక్క కలిసి వెళ్ళారు. నేను ప్రయాణం చేసే స్థితిలో లేను. ఆమె పాడిందో లేదో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

మొన్న వేసవి మొదట్లో ఒక రోజు ఆఫీసు నుంచి వచ్చేసరికి ముందుగదిలో చాప పరిచి ఉంది. పాత పిల్లల్లో కొందరే వచ్చారు. కొందరు వేరేచోట చేరిపోయారు. ఎప్పుడు మొదలుపెట్టాలని అనుకున్నదో, ఎవరికి ఫోన్ చేసిందో నాకు తెలియదు. నేను అడగాల్సిన విషయం కాదు. చెప్పులు విడిచి, పక్క నుంచి లోపలికి వెళ్ళిపోయాను.

నిన్న సాయంత్రం ఒక కొత్త తల్లి చిన్నపాపను తీసుకొచ్చింది. పాప లోపల కూర్చొని పాడుతుంటే, ఆమె గుమ్మం బయట కుర్చీలో ఉన్న నా దగ్గరికి వచ్చి, "సార్, మీకు శ్రుతి బాగా తెలుస్తుందని మా పక్కింటివాళ్ళు చెప్పారు. మా పాప సరిగ్గా పాడుతుందా?" అని అడిగింది.

"నాకు తెల్వదమ్మా" అన్నాను. "మేడంను అడగండి."

ఆమె లోపలికి వెళ్ళింది. భారతి పాపకు ఏదో చెప్పి, తను అందుకొని ఆ వరస పాడి చూపించింది. నా చెవిలో అది రెండుగా చీలింది, ఒకటి పైన, ఒకటి కొంచెం కింద. లోపల పాడుతున్నది ఒక్కతే.